అక్క సంచిలో నడుము నూనె

ఆ రోజు నేను మా ఊరి అక్క సంచిలో ఆమెకు తెలియకుండా గంజాయి నూనె పెట్టించాను. ఆమె షార్జాలో ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. సెలవు ముగించుకుని గన్నవరం విమానాశ్రయానికి బయలుదేరింది. ఎవరు దుబాయ్ తిరిగొస్తున్నా పదిమంది పొట్లాలు మోసుకురావడం మా ఆనవాయితీ. విప్పి చూడటం అమర్యాద. ఆ మర్యాద చాటున నేను దాక్కున్నాను.

నేనూ ఆ దేశంలోనే ఉంటాను. రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీలో లోడర్ బండి నడిపి నా నడుము పాడైంది. క్లినిక్‌లో చెబితే పనికిరానని ఇంటికి పంపేస్తారని భయం. మన దేశంలో ఆ నూనెను డాక్టరు చీటీ మీద అమ్ముతున్నారని ఫోన్‌లో చూశాను. అక్కడ మందైనది ఇక్కడ నేరమని తెలుసు. తెలిసే, ఊళ్లో ఉన్న మా తమ్ముడిచేత వట్టి నడుము నూనె అని చెప్పించి ఇప్పించాను.

నా గదిలో ఉండే జగిత్యాల అన్నతో ఈ తెలివి గొప్పగా చెప్పుకున్నాను. గడ్డం గీసుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"దొరికితే ఎవర్ని పడతరు? నిన్నా, ఆమెనా?"

"ఆమెకు తెలియదు కదన్నా."

"గా ముచ్చట పోలీసోళ్లకు అరబ్బీల చెప్తదా? నీ నడుమేమో గని, ఆమె బతుకు ఖలాస్. ఫోన్ చెయ్‌రా ముందు!"

నేను ఫోన్ చేసేసరికి అక్క విమానాశ్రయం గుమ్మం దగ్గర వరసలో ఉంది.

"అక్కా, మా తమ్ముడిచ్చిన సీసా తీసేయండి."

"ఏం తమ్ముడూ, అప్పుడే తగ్గిపోయిందా నొప్పి? పచ్చళ్ల అడుగున ఉందయ్యా."

"అది గంజాయి నూనె అక్కా."

సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

"నా చేత్తోనే నన్ను జైలుకి మోయిద్దామనుకున్నావా?" అని పెట్టేసింది. దింపడానికొచ్చిన మా తమ్ముడి చేతిలోనే సీసా పెట్టి లోపలికెళ్లిందట.

మర్నాడు క్లినిక్‌కి వెళ్లి చొక్కా ఎత్తి నడుము చూపించాను. ఇంటికి పంపలేదు, లోడర్ దింపి లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు. అందరికీ అలా జరగదని నాకు తెలుసు. గంజాయి మందో కాదో డాక్టర్లు తేల్చనీ. ఎన్ని దేశాలు చట్టం మార్చినా, నొప్పి చెప్పుకుంటే పని పోతుందన్న భయం ఉన్నంతకాలం మాలాంటివాళ్లు దొంగదారే వెతుకుతారు. ఈ మాట గట్టిగా చెబుతాను. కానీ నా భయానికి అక్కను బలిపెట్టే హక్కు నాకు లేదు.

సెలవు రోజున షార్జాలోని రోలాలో మావాళ్లు కలిసేచోట అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. అక్క మొహం తిప్పుకుంది. నేను ఊరికి వెళ్లేముందు, ఇంటికి ఏమైనా ఇవ్వమని ఆమెను అడిగాను. ఆమె సంచి తెచ్చి నా ముందే విప్పింది.

"చూసుకో తమ్ముడూ. సబ్బులు, పాలపొడి, పిల్లదాని గౌను. నూనె లేదు."

మాట పడ్డాను. సంచి మోసుకెళ్లి ఆమె కూతురి చేతికిచ్చాను.