ఆడవాళ్ళ బెంచీల్లో ఆ చుట్ట నాది

నలభై నాలుగేళ్ళుగా ఒక్క తలూపును మోస్తున్నాను. నా పేరు మీకక్కర్లేదు. తారీఖులూ లెక్కలూ తప్పని మనిషినని ఊళ్ళో అంటారు. ఆ గొప్ప ఎంత బోలుదో మీకొక్కరికే చెబుతున్నాను.

1980 జూలై, రెండో శనివారం, మ్యాట్నీ. అమలాపురం దగ్గర ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ గేటు కాపలా నాది. నాగరత్నం లోపల జనాన్ని బెంచీల మీద సర్ది కూర్చోబెట్టేది. ఆట మొదట్లో తెర మీద 'పొగ త్రాగరాదు' అని వేసేవారు. చట్టం! మగవాళ్ళ వైపు ఆ అక్షరాలు కూడా కనపడనంత పొగ. అటు ఎవరూ తొంగిచూసేవారు కాదు. ఇటు మాత్రం ఎవరైనా చుట్ట వెలిగిస్తే చెయ్యి పట్టుకుని బయటికి నడిపించేదాన్ని. ఆ నెలలో అప్పటికి పదకొండు మందిని. ఎంత నిఖార్సయినదాన్నో కదా?

నాకూ చుట్ట అలవాటే. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటే చీకట్లో వెలుగు కనపడదు. చివరి బెంచీలో, కొంగు అడ్డం పెట్టుకుని కాల్చేదాన్ని. వాసనను ఏ కొంగు ఆపుతుంది?

ఆ రోజూ అలాగే కాలుస్తుంటే మేనేజరు వచ్చాడు, వేళ్ళ మధ్య సిగరెట్టుతోనే. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ రోత. కానీ ఆ రోజు అతనికంటే నీచంగా కూర్చున్నది నేను. టార్చి నా పక్కనే నిలబడ్డ నాగరత్నం మీద వేశాడు.

"లైసెన్సు పోద్దని తెలీదా? చుట్ట కాల్చింది నువ్వేనా?"

"అయ్యబాబోయ్, నేను కాదండీ! మా అక్కగార్ని అడగండి. ఆవిడ అబద్ధమాడరండి."

చుట్ట పీక మొత్తం బుగ్గలోకి తోసుకున్నాను. టార్చి నా మీదికి తిరిగింది.

"ఏమండీ, ఇదేనా?"

నోరు తెరిస్తే పొగ వస్తుంది. నిజమే. కానీ అడ్డంగా తలూపడానికి నోరెందుకు? నిలువుగా ఊపాను.

"రేపట్నించి రాకు," అన్నాడు ఆమెతో. ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోందని నాకు తెలుసు. తెలిసే ఊపాను.

వెళ్తూ వెళ్తూ నాగరత్నం నా చెవి దగ్గరికి వంగింది.

"ఉమ్మేయండక్కగారూ. నోరు కాలిపోద్ది."

అది జాలా? ఛీత్కారమా? ఛీత్కారమే అయ్యుండాలని ఇన్నేళ్ళూ కోరుకున్నాను. జాలి అయితే భరించలేను. ఒక్క మాట అని నన్ను పట్టించగలిగీ ఆమె ఎందుకు ఊరుకుంది? నేనప్పుడు కూడా ఉమ్మలేదు. ఇంటర్వెల్ దాకా చేదు మింగుతూ కూర్చున్నాను. తర్వాత తొమ్మిదేళ్ళు అదే గేటు దగ్గర పనిచేశాను, చుట్ట కాల్చే ఆడవాళ్ళను బయటికి పంపుతూనే.

నాగరత్నం అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పనిలో చేరిందని విన్నాను. బస్సెక్కితే ఎంతసేపు? వెళ్ళలేదు. ఇప్పుడు ఉందో లేదో. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. నాగరత్నం కాల్చలేదు. నేను కాల్చాను. కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.