ఖోర్ ఫక్కాన్‌లో చిక్కుకున్న హంతకుడు

2005లో షార్జాలో నర్సుగా ఉండగా, ఒక నవల చివరి పేజీల కోసం తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ వెళ్లాను. మా హాస్టల్లో లావుపాటి నవల దొరికితే నాలుగు భాగాలుగా చీల్చి, దారంతో కుట్టి పంచుకునేవాళ్లం. ఎవరి డ్యూటీ ఎప్పుడున్నా అందరూ చదువుకోవచ్చు. చివరి భాగం ముందుగా చదివినవాళ్లు మాత్రం నోరు మెదపకూడదు. ఈసారిది అమెరికా కొత్తగా దేశమవుతున్న రోజుల నాటి కథ. ఓడరేవు ఊళ్లో తిమింగిలం నూనె వ్యాపారిని రేవు గట్టున ఎవరో చంపేస్తారు. హంతకుడెవరో తేలే చివరి భాగంతో సహా మా హాస్టల్ సుగుణక్క ఖోర్ ఫక్కాన్‌కు బదిలీ అయిపోయింది.

నా రూమ్మేట్ విజయకు శనివారం ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేదంటే వీసా అయిపోయి కాకినాడ తిరుగు ప్రయాణమే. ఇంగ్లీషు గడగడా చదువుతుంది, మాట్లాడమంటే నోరు పెగలదు. గదిలో కూర్చుంటే దిగులుతో చచ్చేలా ఉందని శుక్రవారం పొద్దున నేనే లాక్కెళ్లాను.

షేర్ టాక్సీకి మనిషికి పాతిక దిర్హాములు. "ఏక్ సవారీ బాకీ హై, సిస్టర్" అంటూ పఠాన్ డ్రైవరు ఇంకొకరు ఎక్కేదాకా అరగంట కూర్చోబెట్టి, ఆ తర్వాతే "యల్లా!" అని బండి తీశాడు. ధైద్, మసాఫీ దాటి ఫుజైరా మీదుగా రెండు గంటల పైనే పట్టింది. కొండలు చూడవే అంటే విజయ కళ్లు మూసుకుని జవాబులు బట్టీ పట్టింది. నాకు ఒళ్లు మండింది.

సుగుణక్క చేపల పులుసుతో అన్నం పెట్టి, సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. పుస్తకం సంచిలోనే ఉంది, ఇవ్వదే! ఇంటర్వ్యూ సంగతి తెలిసి, మొదటి మూడు భాగాలూ చదివేసిన విజయ వైపు తిరిగింది.

"హంతకుడెవరో ముందు నువ్వు చెప్పు. ఇంగ్లీషులోనే. తెలుగు ముక్క వచ్చిందో, ఖలాస్!"

విజయ ఒకసారి నా వైపు చూసి మొదలుపెట్టింది. "ద... ద పాస్టర్."

"పాస్టరు గారా! వై?"

"బికాజ్ హీ లైడ్! హీ సెడ్ చర్చ్, బట్ హిజ్ బూట్స్ వర్ వెట్!"

ఇక ఆగలేదు. అక్క అడ్డు తగిలిన కొద్దీ రెచ్చిపోయింది. తప్పులు దొర్లినా దులిపేసుకుని ముందుకే పోయింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ధైర్యం పుస్తకంలో దొరుకుతుందని నేననుకోను, వాదించే మనిషి ఎదురుగా ఉండాలి. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: శుక్రవారం తిరుగు టాక్సీలు త్వరగా నిండవు, మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజుకల్లా స్టాండులో ఉండండి. మేం ఆలస్యంగా వెళ్లి చాలాసేపు పడిగాపులు పడ్డాం. ఆలోగా అక్క ఇచ్చిన చివరి భాగం విజయ చదివేసింది. పాపం, పాస్టరు నిర్దోషి. ఏడుస్తుందేమోనని నేను చేతిరుమాలు తీశాను. తను మాత్రం స్టాండులోని డ్రైవరు వైపు తిరిగి, "నో బ్రదర్, లిజన్, ద బుక్ ఈజ్ రాంగ్!" అని మొదలుపెట్టింది.