లీడర్ సాబ్‌కు మా బస్తీ మర్యాద

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్పని మేడంటూ ఉండేది కాదు. మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా ఆ బోర్డులే. ఆ మోజు చివరికి మా సర్కారు బడికీ అంటుకుంది. ఏసీతో, అద్దాల తలుపుతో ఒక కంప్యూటర్ గది కడతామన్నారు. చోటు చాలలేదని, బడిలో ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్ల వరసను కూలగొట్టి అక్కడే కట్టారు. వాటిని ఇంకో మూల కట్టివ్వమని హెడ్మాస్టరు గారు అడిగితే నిధులు లేవన్నారు. అద్దాల తలుపుకు ఉన్న నిధులు మాకు మాత్రం లేకపోయాయి. ఒళ్లు మండదూ మరి?

మగపిల్లలు గోడ చాటుకు పోయేవాళ్లు. మేమెక్కడికి పోతాం? పొద్దున మంచినీళ్లు ముట్టకుండా వెళ్లి, సాయంత్రం దాకా బిగపట్టుకుని కూర్చునేవాళ్లం. చివరికి నాకు జ్వరం, పొత్తికడుపులో మంట పట్టుకున్నాయి. మా అమ్మ ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్లో వంట చేసేది. డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తూ దారిలోనే తేల్చేసింది. "ఏంటే ఈ చదువు, ప్రాణం మీదకి తెచ్చుకోడానికా? ఈ ఎనిమిదో తరగతి పరీక్షలు రాసేసి, నాతో వంటకి వచ్చెయ్" అంది. ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పక్కింటావిడ అది చూసింది. ఆవిడను మేమంతా పిన్ని వరసలో ఖాలా అనేవాళ్లం. ఆవిడ ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఆవిడ చిన్నకూతురిదీ నా తరగతే. నా సంగతి విన్నాక ఆవిడ ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెరగలేదు. "ఏడ్వకు బిడ్డా. గా గది తెరవనీకి లీడర్ సాబ్ వస్తుండంట గదా. జర మంచిగ మర్యాద చేద్దాం" అంది. గది కట్టించింది ఆ నాయకుడే, మరుగుదొడ్లు కూలగొట్టమన్నదీ ఆయనే. అలాంటివాడికి మర్యాదేమిటని నాకు చిర్రెత్తుకొచ్చింది.

ప్రారంభోత్సవం రోజు ఎండ దంచేస్తోంది. బస్తీ ఆడవాళ్లంతా ఇళ్లకు తాళాలు వేసుకుని వచ్చి బడి ఆవరణంతా నిండిపోయారు. గోడ చాటున కూడా వాళ్లే, దండలు పట్టుకుని. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓటున్న చేయి గ్లాసు అందిస్తే ఏ నాయకుడూ కాదనడని ఖాలాకు బాగా తెలుసు. ఒకరి తర్వాత ఒకరు నిమ్మరసం, మజ్జిగ, గులాబీ షర్బత్ తెచ్చారు. మధ్యలో పుచ్చకాయ ముక్కలు, ఉపన్యాసాలు. ఒకావిడది తాగి ఇంకొకావిడది వద్దంటే ఆ ఇంటి ఓట్లు పోతాయి. ఆఖర్న ఖాలా నా చేతికి చాయ్ ఇచ్చి ముందుకు తోసింది. "మా బిడ్డ చేతిది సుత తాగున్రి సాబ్" అంది. ఆయన తాగాడు. నేను దగ్గరుండి తాగించాను.

రిబ్బను కత్తిరించేసరికి ఆయన కాళ్లు ఒకచోట నిలవడం లేదు. హెడ్మాస్టరు గారి చెవిలో ఏదో అడిగాడు. ఆయన పాపం నేల చూపులు చూశారు. జవాబు ఖాలా చెప్పింది, ఎంతో వినయంగా, అందరికీ వినపడేలా.

"మీరు నిలబడ్డ జాగనే సాబ్ అది. కంప్యూటర్ కోసం మీరే కూలగొట్టించిన్రు. మా ఆడపిల్లలు పొద్దుగాల్నుంచి సాయంత్రం దాక ఆగుతున్నరు. మీరు జర సేపు ఆగలేరా?"

గోడ చాటుకు పోదామంటే ఆడవాళ్లు, చుట్టుపక్కల ఇళ్లకు పోదామంటే తాళాలు. ఆయన కారెక్కాడు. సరిగ్గా అప్పుడే కోచింగ్ సెంటర్లు వదిలారు. రోడ్డంతా కుర్రకారు, ఆటోలు, బస్సులు. కారు మా గేటు ముందే ఇరుక్కుపోయింది. లోపల ఆయన డ్రైవర్ మీద అరుస్తూనే ఉన్నాడు. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. ట్రాఫిక్ మాత్రం అంగుళం కదల్లేదు.

ఖాలా నవ్వలేదు. ఆయన మనిషిని పిలిచి, సాబ్ ఎన్నిసార్లు వచ్చినా ఇదే మర్యాద చేస్తామని చెప్పి పంపింది. వేసవి సెలవులు అయ్యేలోగా మరుగుదొడ్లు లేచాయి. లేవన్న నిధులు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో మరి. అమ్మ నన్ను తొమ్మిదో తరగతికి పంపింది.

ఆ తర్వాత డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఈ కథ చెప్పినప్పుడల్లా మా అమ్మాయి, "పాపం అమ్మా, పెద్దాయన కదా" అంటుంది. కారు అద్దం వెనక ఆయన ముఖం నాకింకా బాగా గుర్తు. ఎంత ప్రయత్నించినా జాలి మాత్రం పుట్టదు. ఇంకో గ్లాసు తాగించాల్సింది అనిపిస్తుంది.