పట్టిన వీధిలోనే వదలాలి

గుడియాత్తం మునిసిపాలిటీలో కుక్కలు పట్టే పనిలో చేరాక చాలా ఏళ్ళు మా ఆవిడ తరఫు చుట్టాలకు నేను నీళ్ళ సెక్షన్‌లో ఉన్నానని చెప్పుకున్నాను. కుళాయి రాని రోజున మా బావమరిది ఇంటికొచ్చి మరీ నన్ను తిట్టిపోసేవాడు. ఆ తిట్లు పడటమే నయమనిపించేది. కుక్కలు పట్టేవాడని తెలిస్తే టీ కొట్టువాడు గ్లాసు చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి పోతాడు.

అప్పటి పద్ధతి వేరు. కమ్మీ ఉచ్చు వేసి లాగడం, బండిలో పడెయ్యడం. ఆ బండి ఎక్కిన కుక్క మళ్ళీ ఇల్లు చూసేది కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "దాని మూతి చూడాకు నాయనా. చూసినావంటే రేతిరికి సంగటి గొంతు దిగదు." నేను చూడలేదు. రంగు చూసేవాణ్ణి, సైజు చూసేవాణ్ణి, మొహం మాత్రం చూసేవాణ్ణి కాదు. అదేదో గొప్ప తెలివి అనుకునేవాణ్ణి కూడా.

తర్వాత చట్టం మారింది. కుక్కను చంపకూడదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చి రాకుండా సూది వేసి, గుర్తుగా చెవికి చిన్న గాటు పెట్టి, మళ్ళీ వదిలిపెట్టాలి. అందుకని చుట్టుపక్కల ఊళ్ళలో కుక్కలు పట్టేవాళ్ళందరినీ నాలుగు రోజుల ట్రైనింగ్‌కు వేలూరు రమ్మన్నారు. బస్సులో దారి పొడుగునా నాకు ఒళ్ళు మంటే. ఇన్నేళ్ళ తర్వాత కుక్కను పట్టడం నాకు ఎవరో నేర్పేదేమిటని.

రేకుల షెడ్డులో కుర్చీలు వేశారు. ఒక్కొక్కరం ఒక్కో మూల తలొంచుకుని కూర్చున్నాం. మేం ఒకరినొకరు చూడటం అదే మొదలు. పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ కుక్క ఊసే ఎత్తలేదు. చొక్కా చేతులు పైకి మడవమని తమిళంలో చెప్పారు. పిచ్చికుక్క కాటు నుంచి కాపాడే సూది ముందు మాకు.

"మనకు గూడా సూదా?" అని నాలో నేను తెలుగులో గొణుక్కున్నాను.

వెనక కుర్చీలోంచి జవాబొచ్చింది. "వెయ్యనీలే తమ్ముడూ. ఇన్ని దినాలకు మనల్ని గూడా ఒకరు తలుచుకున్న్యారు."

ఆయనది ఒడుగత్తూరు. నాకంటే పదేళ్ళు పెద్ద, రెండు మణికట్లకూ పళ్ళ గాట్లు. టీ తాగేటప్పుడు పక్కన నిలబడి మెల్లిగా అడిగాడు: "ఇంట్లో ఏం పనని చెప్పుకున్న్యావు?"

"నీళ్ళ సెక్షన్."

"నేను లైట్ల సెక్షన్," అన్నాడు.

లత్తేరి నుంచి వచ్చినాయన పార్కు వాచ్‌మన్‌నని చెప్పుకున్నాడట. ఊళ్ళో పార్కు యాడుండాదని ఇంతవరకూ పెళ్ళాం అడగలేదట. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు తర్వాత కుర్చీలన్నీ దగ్గరికి జరిగాయి. నా పని గురించి నేను ఇంకో మనిషితో నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి, నాకు నిజంగా సంతోషమేసింది.

వల విసరడం, కుక్కకు ఎదురుగా కాక పక్కకు తిరిగి గొంతుక్కూర్చోవడం, కళ్ళలోకి గుచ్చి చూడకపోవడం, అన్నీ నేర్పారు. డాక్టరమ్మ రోజుకు పదిసార్లు ఒకటే మాట: పట్టిన వీధిలోనే వదలాలి. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. అందుకని బోనుకు ఒక అట్ట కట్టి దాని మీద వీధి గుర్తు వెయ్యాలి. మాలో సగం మందికి రాత రాదు కాబట్టి బొమ్మ గీసినా చాలన్నారు.

ఊరికొచ్చాక మా ఆఫీసరు రెండు వీధుల్లో చేసి చూపించమన్నారు. కుక్కలు సరిగ్గా తిరిగొస్తే మిగతా వీధులు. లేదంటే జనం ఇంకొక కుక్కను ఇవ్వరు, అంతటితో సరి.

మొదటిది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళ వీధి. అక్కడ ఒకామె గోధుమరంగు కుక్కను పెంచుకుంటోంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొద్దున్నే ఆ కుక్క ఫ్యాక్టరీ గేటు దాకా ఆమెతో నడుస్తుంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నా నల్లదాన్ని తీసకపోయినోడివి నువ్వే గదా?"

అబద్ధాలు నాకు బాగా అలవాటే గాని ఆమె ముందు నోరు రాలేదు. "నేనేనమ్మా."

"అది మళ్ళా రాలే."

"ఇది వస్తాది. అయిదు దినాల్లో నేనే తెచ్చి నీ గడప ముందర వదుల్తా."

ఆమె కుక్కను ఎత్తుకొచ్చి తనే బోనులో పెట్టింది. "నీ మాట మీద ఇస్తాండా," అంది.

అదే రోజు లుంగీలు నేసేవాళ్ళ వీధిలో ఇంకో గోధుమరంగు కుక్కను పట్టాను. ఇక అట్టలు. మా ఊళ్ళో ప్రభుత్వం మారితే వీధి పేరూ మారుతుంది, ఆ పేర్లు ఎవరికీ గుర్తుండవు. వీధిని చెప్పాలంటే మొదట్లో ఉన్న జెండా కంబం చెప్తాం. ఈ వీధిలో ఒక పార్టీ కంబం, ఆ వీధిలో దానికి పోటీ పార్టీ కంబం. రెండు జెండాల్లోనూ నలుపూ ఎరుపూ ఉంటాయి. నేను రెండు అట్టల మీదా జెండాలు చక్కగా గీశాను, జేబులో ఉన్న నీలం పెన్నుతో. గీసి మురిసిపోయాను కూడా.

అయిదో రోజు సాయంత్రం ఆపరేషన్లయి బోనులు తిరిగొచ్చాయి. ముందు నేతవాళ్ళ వీధిలో ఒకదాన్ని వదిలి, రెండోదాన్ని ఆమె గడప దగ్గరికి తీసుకెళ్ళాను. వీధి ఆడవాళ్ళందరూ బయటికొచ్చి నిలబడ్డారు. బోను తలుపు తీశాను. కుక్క తోక ముడుచుకుని గోడకు ఆనుకుంది.

"ఇది నాది కాదప్పా," అంది ఆమె.

అట్ట తిప్పి చూశాను: నీలం గీతల్లో రెండు జెండాలూ ఒకటే, కుక్కల్ని తారుమారు చేశాను. అయిదు రోజుల కింద నా చేతి మీదుగా పోయిన కుక్క మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమె తిట్టలేదు. "ఇది గూడా రాదా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

బోను మూసి నేతవాళ్ళ వీధికి పరిగెత్తాను. అక్కడి కుక్కలు అప్పటికే ఆమె కుక్కను తరిమేశాయి. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. బోనులోని కుక్కను తెచ్చి దాని వీధిలో వదిలి, ఒడుగత్తూరు ఆయనకు ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను.

"పరిగెత్తాకు. వల పట్టుకోని తిరగాకు," అన్నాడు. "అది వీధిని ఎతకదు, ఆమెను ఎతుకుతాది. దినామూ ఆమె యాడికి పోతాది?"

మర్నాడు తెల్లవారకముందే ఆయన బయల్దేరి, లత్తేరి ఆయన్ను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరికీ జీతం లేని పని అది. ముగ్గురం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయాం. పుల్లల బస్తాల వెనక అది ఉంది, తొడ మీద పంటి గాయంతో. మమ్మల్ని చూసి పళ్ళు బయటపెట్టింది. మేం దగ్గరికి పోలేదు. ముగ్గురం పక్కకు తిరిగి గొంతుక్కూర్చున్నాం, వేలూరులో నేర్పినట్టే. అప్పుడు దాని మొహం చూశాను. ముక్కు మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ. ఎడమ కంటి కింద పాత గీత.

షిఫ్టుకు వస్తున్న ఆడవాళ్ళలో ఆమె అందరికంటే వెనక నడుస్తోంది, ఒంటరిగా. ఆమె ఇంకా పిలవనే లేదు, అది కుంటుకుంటూ పోయి ఆమె కాళ్ళ మధ్య దూరింది. ఆమె కొంగుతో దాని గాయం తుడిచింది. కోపంగానే చూసింది నన్ను.

"కట్టు కట్టించి రేపటికి తెస్తా," అన్నాను. ఇస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఆమె కుక్కను ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. ఫ్యాక్టరీ గంట కొట్టారు. లోపలికి పోతూ గేటు దగ్గర ఆగిన ఆడవాళ్ళతో అంది: "మీవి గూడా ఇయ్యండి. తప్పు చేస్తాడు గాని, ఎతుక్కోని వస్తాడు."

మర్నాడు కట్టుతో ఉన్న ఆ కుక్కను తీసుకుని వీధిలోకి పోయేసరికి ఏడుగురు ఆడవాళ్ళు పాత చీర పేలికలతో కుక్కల్ని పట్టుకుని గడపల్లో నిలబడి ఉన్నారు. ఆ రోజు నేను వల విప్పనే లేదు.