అచ్చులో మిగలాల్సిన జానెడు

మా ఎమ్మిగనూరులో మగ్గం ఉండే ఇండ్లల్లో ఒక పద్ధతి ఉంది. పడుగు అయిపోయినాక పోగులన్నీ తీసేయరు. పోగులు దూరే కండ్లుంటాయే, ఆ అచ్చులో జానెడు ఇడిచిపెట్టి, కొత్త పడుగు కొసల్ని ఆ పాత కొసలకి ఒక్కొక్కటే మెలేసి అతుకుతారు. ఏ పోగు యాడ దూరల్లో ఆ జానెడే చెప్తాది. మనిషి మల్లా ఆలోచించే పని లేదు.

మా అచ్చులో ఆ వరస ఎక్కించింది మా ఇంటాయన. పెండ్లయిన కొత్తలో మూడు దినాలు మగ్గం ముందర ఊరికే కూచున్నాడు. అంచులో పువ్వు యాడ లేయల్ల, యాడ దిగల్ల, అంతా తలలోనే. నేను నూలు కండెలు చుడతా ఎత్తిపొడిచినాను, "చూస్తా కూచుంటే గుడ్డ దిగుతాదా?" అని.

"ఇప్పుడు నా తల అరగనీమే. ఎనక నీ చేతులు వాటంతట అవే నడుస్తాయి" అన్నాడు.

నడిచినాయి, ఇరవై ఏండ్లు. ఆ వరస ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పోయినేడు పడుగు సగంలో ఉండంగా ఆయన గుండె ఆగిపోయింది. మిగిలింది నేనే నేసినాను. చీర కోసే దినం, మాకు పడుగిచ్చే సావుకారు మనిషి వాకిట్లో నిలబడి తొందర పెడతాండాడు. నా తల నాకాడ లేదు. అచ్చుకి ఇవతల, చీర పక్క కోయాల్సింది అవతల కోసి, చీర పట్టి లాగినాను. పోగులన్నీ సర్రున జారి నా ఒళ్ళో పడినాయి.

నాలుగు దినాలు ఆ పోగుల్ని మల్లా అచ్చులోకి నేనే దూర్చినాను. మగ్గం గుంతలో దిగి పలక తొక్కి చూస్తే పువ్వు లేదు. మొదట్లోనే యాడో ఒక పోగు తప్పింది, దాని ఎనకవన్నీ తప్పే. పీకినాను, మల్లా దూర్చినాను, మల్లా పీకినాను.

నందవరం నుంచి ఒక ముసలి నేతగాడిని బతిమాలి పిల్చుకొచ్చినాను. పాత చీర అంచు ఎలుతురుకి పెట్టి చానా సేపు చూసినాడు.

"సాదా అంచైతే ఎక్కిస్తానమ్మా. ఇది కడదాకా ముందే చూసుకున్నోడి పని. నావల్ల కాదు."

సాదా గుడ్డ మరమగ్గాలే నేస్తాండాయి, నీదెవరు కొంటారని సావుకారు పడుగు ఇయ్యలేదు.

ఇప్పుడు దినామూ ఆదోని బస్సెక్కి జిన్నింగు మిల్లులో పత్తి ఏరేకి పోతాండాను. చెత్త కనపడితే తీసి పారేయడమే, ముందుచూపుతో పని లేదు. పని లేని దినం ఆయన మాదిరే మగ్గం ముందర కూచుంటాను. కండ్లు మూసుకుంటే ఆ వరస కనపడదు. గుంతలో దిగి తొక్కితే ఉత్త అచ్చు లేస్తాది, దిగుతాది.