సగం గోలీలతో మూడు నెలలు

ఆ రోజు జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుంటే దగ్గు ఆగలేదు. నెల నుంచీ ఉన్న దగ్గే. దూది నూగు గొంతులో పడుతోందనుకుని బెల్లంముక్క చప్పరిస్తూ నెట్టుకొచ్చాను. ఆ రోజు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి చూస్తే రక్తపు చార. కొంగు మడిచి దోపుకుని పని పూర్తిచేసే ఇంటికి పోయాను. ఎవరికీ చెప్పలేదు. మనుమరాలు పుట్టి ఇరవై రోజులు. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది నేనే. తెలిస్తే పిల్లను నా చేతికివ్వరని భయం.

పది రోజులకు జ్వరంతో మంచం పట్టాను. కొడుకు ఆదిలాబాద్ తీసుకుపోయాడు. ఎక్స్‌రే, కఫం పరీక్ష అయ్యాయి. పెద్ద డాక్టరు చెప్పిందంతా కొడుక్కే చెప్పాడు. నాకు అర్థమైంది టీబీ అన్న మాటొక్కటే. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, ఐఎన్‌హెచ్ గోలీలు. ఇంజక్షన్ మా వాడకట్టులోనే, నాలుగిళ్ల అవతల ఉండే డాక్టరే వేసేవాడు. పిల్లను లోపలి అర్రలో ఉంచారు. నేను వసారాలో పడుకున్నాను.

మూడు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చ అట్లాగే ఉంది. వాడకట్టు డాక్టరు ఆ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశాడు. "గోలీలు నేనే తెచ్చిస్తున్న సార్, రోజూ మింగుతనే ఉన్నది" అన్నాడు నా కొడుకు. డాక్టరు వాణ్ణి బయట కూర్చోమని, స్టూలు నా దగ్గరికి జరుపుకున్నాడు.

"అవ్వా, చిన్నప్పుడు మా బాపు గోలీ ఇస్తే రొట్టెముక్కల పెట్టి కుక్కకేసేటోణ్ణి. నువ్వేం చేస్తున్నవ్?"

నవ్వొచ్చింది. నవ్వాక అబద్ధం రాలేదు. "సగమే మింగుతున్న సారూ. తక్కిన సగం డబ్బల దాస్తున్న."

"ఎందుకు?"

"రేపు కొడుకు దగ్గినా, కోడలు దగ్గినా అక్కరకొస్తయి గద."

తిడతాడనుకున్నాను. తిట్టకుండా అడిగాడు. "ఇంటోళ్ల కోసమే దాచినవ్. జొన్నలు సగం ఉడికినంక దించి తింటవా?"

"కడుపు నొస్తది."

"గిదీ గంతే. సగం మందుకు రోగం పోదు. నీ దగ్గుతోనే వాళ్లకు అంటుతది. జల్ది బాగై ఏం చెయ్యాలనున్నది నీకు?"

"మనుమరాలికి నీళ్లు పొయ్యాలె."

"కఫం పరీక్ష సాఫ్ వచ్చిననాడు నేనే వచ్చి చెప్త, నీళ్లు పొయ్యమని. అప్పటిదాంక నీ కోడలి ముంగట మింగు."

ఇంటికి రాగానే డబ్బ సంగతి, డాక్టరు మాట చెప్పాను. కోడలికి అధికారం దొరికింది. "నోరు తెరువు అత్తమ్మా, నాలుక లేపు."

"మా అత్త సుత నన్ను గిట్ల సతాయించలే!"

"ఆమెకు నీ డబ్బ సంగతి తెల్వదు గద."

రెండు నెలలు గడిచాక చెవుల్లో హోరు, నడిస్తే తూలడం. మునుపటి నేనైతే ఓర్చుకునేదాన్ని. ఈసారి అదే రోజు పోయి డాక్టరుకు చెప్పాను. "మంచిగ చెప్పినవ్, ఈ ఇంజక్షన్‌తోని చెవులు పోతుండె" అని ఇంజక్షన్ ఆపి, పీఏఎస్ అనే చేదు మందు ఇచ్చాడు. కడుపులో తిప్పినా మింగాను. మరుసటి ఏడాది ఎండలు ముదిరేసరికి కఫం సాఫ్ వచ్చింది. డాక్టరు నిజంగానే ఇంటికొచ్చి చెప్పిపోయాడు. అప్పటికి పిల్ల నడుస్తోంది. నన్ను చూసి ఏడ్చింది, అయినా నీళ్లు పోశాను. మందు మాత్రం ఏడాదిన్నర నిండేదాకా మానలేదు.

ఇప్పుడు పిల్లకు ఆరేళ్లు. కుంకుడు పులుసు కళ్లలో పడిందని వాడకట్టంతా వినబడేలా అరుస్తుంది. తల శుభ్రం కాకుండా వదలను. మిల్లుకు పోవడం మానేశాను. పెరట్లో చిక్కుడు, బీర పెంచుతున్నాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మందుల చీటీతో పాటు మింగకుండా మిగిలిన గోలీలు కూడా తీసుకుపొండి. సిగ్గుపడకుండా బల్ల మీద పెట్టండి.