అడ్డం వేయని కొమ్మ

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో ఒక మనిషి దారి తెలియనిదన్న పేరు మోస్తోంది. ఆ పేరు నా వల్ల వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమె చేతి బువ్వ తింటూ, ఆమెతో నవ్వుతూ, ఆ ఒక్క సంగతి మాత్రం గొంతులోనే అట్టిపెట్టుకున్నాను. ఇంక నా వల్ల కావడం లేదు.

మాది నార్కట్‌పల్లి దగ్గరి ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. ఎండలు ముదిరి ఊళ్ళో మేత అయిపోగానే మందను తోలుకుని దేవరకొండ మీదుగా అడవిలోకి నడుస్తాం. అడవి దాటితే కృష్ణ వెనక నీళ్ళు, అంటే ఆనకట్ట వెనక నిలిచే నీళ్ళు. నీళ్ళు దిగిపోయిన జాగాలో గడ్డి మొలుస్తుంది. నడి ఎండాకాలంలో చూసినంత మేర పచ్చిక ఉంటుందంటే మా తల్లిగారి ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఒడ్డు వెంబడి మేపుకుంటూ పోయి, తొలకరి పడేసరికి హాలియా వైపు నుంచి చుట్టి వచ్చి ఇల్లు చేరతాం. పదో తరగతితో చదువు ఆపించి పెళ్ళి చేశారని మూతి ముడుచుకుని అత్తగారింటికి వచ్చినదాన్ని నేను. తునికి పళ్ళు తింటూ, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటూ, బతుకు మీద ఇష్టం పుట్టింది ఆ నడకలోనే. ఆ అడవిని తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ ఇష్టం నాకంటే ఎక్కువున్నది నా యారాలికి, అంటే మా మరిది భార్యకు. ఇంట్లో చిన్నది అంటాం. ఎక్కడ నీడ దొరుకుతుందో, ఏ వాగులో చెలిమ తీస్తే నీళ్ళు ఊరతాయో మా మామ ముందు ఆమెనే అడిగేవాడు. నాకది గుచ్చుకునేది. పెద్దకోడలిని నేను కదా?

అడవిలో మాకొక రివాజు ఉంది. ఎవరైనా వెనక ఆగిపోతే, ముందు పోయేవాళ్ళు బాట చీలిన చోట, పోకూడని బాటకు అడ్డంగా పచ్చికొమ్మ వేసి పోవాలి. కొమ్మ ఏదీ కనిపించకపోతే వెనకవాళ్ళు పెద్ద బాట పట్టుకోవాలి. చాలా మందలు తిరిగే అడవి కాబట్టి గిట్టల గుర్తులు చూస్తే ఏమీ తేలదు. నీళ్ళు ఏ ఏడు ఎందాక దిగితే అక్కడే మజిలీ, అందుకని పాత జ్ఞాపకమూ పనికిరాదు. ఫోన్లు పనిచేయవు. కొమ్మే దిక్కు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. ఒక గొర్రె దారిలోనే ఈనడం మొదలుపెట్టింది. చిన్నది దాని దగ్గర ఆగింది. ఆ పొద్దున్నే మామ అందరి ముందు, "దారి సంగతి చిన్నదాన్ని అడుగుండ్రి, పెద్దామెకు బువ్వ వండుడు ఎరుక" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొమ్మ వేసే పని నాకు చెప్పి మగవాళ్ళు మందతో చిన్న బాటన సాగిపోయారు. చీలిక దగ్గర, పెద్ద బాటకు అడ్డం వేయడానికి దిరిసెన కొమ్మ విరిచాను. వెనకబడ్డ మేక ఒకటి వచ్చి ఆకు అందుకుంది. తిననిచ్చాను. మొత్తం తినేదాకా నిలబడి చూశాను. ఇంకో కొమ్మ విరవడానికి నాకు చేతులు లేవా? కాసేపు తిప్పలు పడనీ అనుకున్నాను. చెమటలు కక్కుతూ ఆలస్యంగా వస్తే మామ చూస్తాడు కదా అనుకున్నాను. అంతకుమించి కీడు కోరలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కోరకపోతే మాత్రం ఏమిటి?

పొద్దు గూకింది. ఆమె రాలేదు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "పెద్ద బాట దిక్కు గూడ సూడుండ్రి" అని మాత్రం అన్నాను. తెల్లారాక మరిది ఆమెను తీసుకొచ్చాడు. వేరే ఒడ్డున, ఈనిన గొర్రెతో, ఒడిలో పిల్లతో రాత్రంతా ఒక్కతే కూర్చుందట. కాళ్ళు ముళ్ళకు చీరుకుపోయాయి. గొర్రె, పిల్ల, మనిషి, ముగ్గురూ బతికి వచ్చారు. ఏ దేవుడికి మొక్కాలో తెలియక నీళ్ళకే మొక్కాను.

"కొమ్మ లేదు గద అక్కా. పెద్ద బాట పట్టుకొని పోయిన," అంది.

"ఏసిన చెల్లె. నువ్వే సూడలే," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "గట్లనా. పిల్లను సూసుకుంట నడిచిన. నాకే కానరాలేదేమో," అంది.

"ఇగ దీన్ని అడివికి తేవద్దు," అన్నాడు మామ.

అంతే. మరుసటి ఏడాది నుంచి ఆమె ఇంటి దగ్గర ఆగిపోయింది. పత్తి ఏరే కూలికి పోయింది. తన పిల్లలతోపాటు నా పిల్లలనూ సాకింది. ఆమె సాకింది కాబట్టే నేను ఏటా హాయిగా అడవికి పోగలిగాను. తిరిగి రాగానే కాళ్ళకు నీళ్ళిచ్చి, నీళ్ళు ఎందాక దిగాయి, తునికి కాసిందా అని ఒక్కొక్కటే అడిగేది. నాకు ఆపరేషన్ అయి దవాఖానలో పడి ఉంటే, రోజూ తల దువ్వి జడ వేసింది. నా కన్నతల్లి కూడా అంత చేయలేదు. ఇంత మంచి మనిషి నీడలో బతకడం నా అదృష్టమని రోజూ అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ ఆ మేక గుర్తొస్తుంది.

మామ పోయాడు. ఈ ఏడు నా మోకాళ్ళు పోయాయి. "ఈసారి నువ్వు రా" అని మరిది ఆమెను పిలిచాడు. నేను రొట్టెలు చేస్తూ విన్నాను. వెళ్తుంది, నా పాపం కొంతైనా కరుగుతుంది అనుకున్నాను.

"వద్దు. నాకు దారులు తెల్వయి. అక్క లేకుంటే తప్పిపోత," అంది.

నవ్వులాటకు అనలేదు. నిజంగానే భయపడింది. ఊరంతా ఆ మాట నమ్మిందని నాకు తెలుసు. ఆమె కూడా నమ్మిందని ఆ రోజే తెలిసింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఆమెతో ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ముందు మీతో అంటే నోరు తిరుగుతుందేమోనని రాశాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అబద్ధమెందుకు.

నేను కొమ్మ వేయలేదు. కొమ్మ లేకపోతే పెద్ద బాట పట్టుకోవాలి. ఆమె పెద్ద బాటే పట్టుకుంది. మా చిన్నది ఏనాడూ దారి తప్పలేదు.